మా వదినె కోసిన నమూనా గొంగడి

అందరూ బాగున్నారా? పెద్దవాళ్ల మోకాళ్ల నొప్పులు ఎట్లా ఉన్నాయి? ఈ ముసురులో పిల్లలకు దగ్గు పట్టుకోలేదు కదా? మందలో గొర్రెలకు గాలికుంటు రాలేదు కదా? మా ఇంట్లో మాత్రం బాగాలేదు. మొన్న సోమవారం పొద్దున ఉన్ని ఏకుతూ ఏకుతూ మా వదినె గోడకు ఒరిగింది. పిలిచేసరికే ప్రాణం పోయింది.

మగడు పోయి అన్న ఇంటికి చేరిన నన్ను ఆమె ఏనాడూ బరువనుకోలేదు. బయటికి పోతూ నేను గొళ్లెం మూడుసార్లు లాగి చూస్తే, "నీ ఫికరునే తలుపు కాడ కావలి పెడుదామే" అని నవ్వేది. నేసిన ప్రతి గొంగడి మీదా చెంబెడు నీళ్లు పోసి, చుక్క దిగకుంటేనే మడత పెట్టేది.

మా గొంగళ్లు కోస్గిలో ఒక సేటు కొనేవాడు. ముందుగా ఒకటి నమూనాకు తీసుకుని, "గిట్లాంటియే కావాలె, వానలకు ముందే రావాలె" అనేవాడు. ఆ నమూనా అతని దుకాణంలోనే ఉండేది. ఒక ఏడు ముప్పై గొంగళ్లు తీసుకుపోతే, లోపలి నుంచి మెత్తటిది ఒకటి తెచ్చి పరిచాడు. అది గొర్రెపిల్లల మొదటి కోత ఉన్నితో నేసింది. మాది కానే కాదు.

"నమూనకు సరిపోలే. వాపస్ తీస్కపోండ్రి."

"సేటు, గిది మేమిచ్చింది గాదు" అన్నాడు మా అన్న.

"మరి మీదేదో సూపియ్యి!"

చూపడానికి మా దగ్గర ఏముంది? వానలు పడితే ఆ ఏటి కొనుగోళ్లు అయిపోయినట్టే. చివరికి అతని బావమరిదే వచ్చి అగ్గువకు ఎత్తుకుపోయాడు. మేం మంద అమ్ముకున్నాం. అన్న దొర గొర్రెలకు జీతగాడయ్యాడు, మళ్లీ మనిషి కాలేదు. ఆ సేటును నేను ఈనాటికీ క్షమించలేదు. చచ్చేదాకా క్షమించను.

వదినె ఏడవలేదు. చుట్టాల దగ్గర ఉన్ని తెచ్చి తానే మగ్గంలో కూర్చుంది. మరుసటి ఏడు సేటు నమూనా అడిగితే, కత్తెర తీసి గొంగడిని అడ్డంగా రెండు ముక్కలు చేసింది. నేను ఆమె చేతిలోని కత్తెర పట్టుకున్నాను.

"నీకు పిస్స లేసిందా వదినె?"

"నోటితోని అన్నది నోట్లెనే పోతది పిల్లా. మన చేతుల గూడ ఏదన్న ఉండాలె."

సగం సేటుకు, సగం మాకు. అతను ఎగతాళి చేశాడు గానీ, ఊళ్లో గొంగళ్లు నేసే పదిహేను ఇళ్లవాళ్లూ అదే పద్ధతి పట్టారు.

రెండేళ్లు సేటు సరిగ్గా నడిచాడు. మూడో ఏడు తాలూకా కచేరి జవాన్లకు గొంగళ్లు ఇచ్చే గుత్త అతనికి దొరికింది. అయినా ఆశ చావలేదు. కచేరికి గొంగళ్లు అప్పజెప్పాల్సిన గడువు రోజున మేం సరుకు దింపగానే మళ్లీ ఒక మెత్తటి సగం పట్టుకొచ్చి, "సరిపోలే, ధర తగ్గియ్యి" అన్నాడు. సంత అంతా చూస్తుండగా వదినె మా సగాన్ని దాని పక్కన పరిచింది. కోత దగ్గర మా చారలు ఒకచోట, అతని చారలు ఇంకోచోట, రెండు సగాలూ అతకలేదు.

"నమూన మారితే బేరం రద్దని నువ్వే అంటవు గద సేటు?"

"అరె చెల్లె, కోపమెందుకు? రెండు దినాలాగు, అసల్ది దేవులాడి తెస్త."

"గడువంటే గడువే!"

పదిహేను ఇళ్ల గొంగళ్లూ తిరిగి బండ్లకెక్కాయి. అక్కడే ఉన్న ఇంకో వ్యాపారి కొనుక్కున్నాడు. కచేరి గుత్త సేటు చేయి దాటిపోయింది. ఆ రోజు వదినె రెండు రొట్టెలు ఎక్కువ తిన్నది. నేనూ తిన్నాను. అంత రుచి మళ్లీ ఏ తిండిలోనూ ఎరగను.

ఆ తర్వాత సేటు కోసిన సగానికే కట్టుబడి మా దగ్గర కొంటూ వచ్చాడు. ఇప్పుడు ఆమె దినాలన్నా కాకముందే అతని మనిషి వచ్చాడు. "పెద్దామె పాయె గదా, ఇగ కోసుడెందుకు? పాత తీర్గనే నడిపిద్దమంటుండు సేటు" అన్నాడు. ఇళ్లవాళ్లు లొంగిపోతారేమోనని ఒకటే భయం. భయపడుతూనే చెప్పాను: "నిన్ను పంపుడు గాదు. దుకానం దిగి ఆయిన్నే రమ్మను."

పదిహేను ఇళ్ల ఆడవాళ్లం మా మా సగాలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో కూర్చుని ఉంటాం. అతను వస్తే ఒక్కరమూ లేచి నిలబడం. రోజు కూడా నేనే చెప్పి పంపాను: దశదినం దాటాక వచ్చే గురువారం, పొద్దెక్కకముందే.