బాపు పనిని ఇంగ్లీషుల రాసిన రోజులు

మొన్న మా మనవరాలు మడికొండల కంప్యూటరు ఆఫీసు నుంచి వచ్చుడు వచ్చుడే, భుజం మీది బ్యాగు గూడ దించకుండ, "తాతా, టీముల అందర్ల నన్నే ఎంచుకున్నరు" అని వచ్చి నా ముందట నిలవడ్డది. ఎందుకు బిడ్డా అంటే, ఆమె, ఆమె పక్క కుర్చీల కూసునే ఇంకో పిల్ల రోజూ చేసే పనిని మొదట్నుంచి చివరిదాక ఏదీ ఇడువకుండ రాసియ్యాల్నట, అది చదువుకొని రేపటిసంది కంప్యూటరే ఆ పని చేసుడు నేర్చుకుంటదట. ఆ పిల్ల మొఖంల వెలుగు జూసి తాత అన్నోడు సంబురపడాలె, నేనూ శాబాష్ అన్న, కని నా గొంతు నాకే వేరే తీరు వినవడ్డది. ఎందుకంటె ఆ సంబురం నాకు పాత దోస్తు అసొంటిది. సరిగ్గ అసొంటి సంబురంతోనే నేనూ ఒకనాడు రోడ్డు మీద ఉరుక్కుంట ఇంటికి వచ్చిన.

డెబ్బయ్యో దశకం చివరి రోజులు, ఏ ఏడాదో సరిగ్గ యాదికి లేదు. మన ఈడోళ్లకు ఎరుకే, అప్పుడు మన దిక్కు గడియారం జూసి లేచెటోళ్లు తక్కువ, మిల్లు కూత ఇని లేచెటోళ్లే ఎక్కువ. మా ఇంట్ల మూడు తరాలు మగ్గం గుంతల కాళ్లు పెట్టినోళ్లే, మా బాపు కాలంకొచ్చేసరికి మిల్లుల పని దొరికి, ఆయన, మా అవ్వ తమ్ముడైన మా మేనమామ, ఇద్దరూ ఒక్క సెక్షన్ల చేరిండ్రు. బీఏ పాసైంది మా ఇంటిపేరు మీద నేనే మొదటోన్ని. పేపర్ల నా నంబరు పడ్డనాడు మా అవ్వ గల్లీల ప్రతి ఇంటికి గుప్పెడు చక్కెర పంచి, ఆఖరికి మా ఇంట్ల చాయ్‌కి చక్కెర లేక బెల్లం ఏసింది. ఆ చదువును జూసే మిల్లు ఆఫీసుల నాకు గుమాస్తా నౌకరీ ఇచ్చిండ్రు. మొదటి దినం మా బాపు కిటికీల నుంచి తొంగి జూసి, నా నెత్తి మీద ఫ్యాను తిరుగుతాంటె అది నేనే తిప్పుతాన్నట్టు మురిసిపోయిండు.

బాపు, మామ చేసే పని జర చెప్పాలె. బట్ట నేసే మిషిను మీదికి నిలువు పోగులు ఎక్కిచ్చే ముందట, ఒక్కొక్క పోగును దువ్వెన పండ్లసొంటి అచ్చు సందులకెల్లి గుంజాలె. వేల పోగులుంటయి. ఎనుక కూసున్నోడు పోగు ఏరి అందిస్తె, ముందట కూసున్నోడు సన్న కొక్కెంతోని అందుకోని గుంజుతడు. ఒక్క పోగు తప్పినా ఆ బట్ట మొత్తం నిలువునా గీత పడ్డట్టే. మామ ఎనుక, బాపు ముందట, నడుమ తెల్లటి దారాల పరదా, అట్ల పదునాలుగేండ్లు ఎదురెదురుంగ కూసున్నరు.

నేను చేరిన ఏడాదికి మా ఆఫీసర్ సాబ్ నన్ను పిలిచి, ఈ పనిని చేసే మిషిను పెద్ద మిల్లులల్ల వచ్చింది, మనకూ వస్తది, దానికంటె ముందు ఇప్పుడు మనుషులు ఆ పని ఎట్ల చేస్తాన్నరో ఒక రిపోర్టు కావాలె, మీ నాయన ఆడనే ఉన్నడు గద, నువ్వే రాయి అన్నడు. ఆఫీసుల నాకంటె పెద్దోళ్లు, పాతోళ్లు ఉండంగ నాకు చెప్పిండు! ఆ దినం సైకిలు ఆఫీసులనే మరిచి ఇంటికి ఉరికిన. "బాపూ, నీ పనిని ఇంగ్లీషుల రాస్తాన్న" అన్న. మా బాపు జన్మల తన పని గురించి ఎవ్వలతోని చెప్పుకున్నోడు గాదు. తెల్లారి ఆయన పెండ్లిళ్లకు తొడిగే అంగీ తొడుక్కోని మిల్లుకు వచ్చిండు.

రెండు దినాలు వాళ్ల పక్కపొంటి స్టూలేసుకోని కూసున్న. మామకు నవ్వులాట ఎక్కువ. "ఏం బీఏ సారూ, మా చేతులకు పరీక్ష పెట్టవడ్తివి? జర చూసి మార్కులెయ్యి, నేను ఒకటో తరగతే ఫెయిలైనోన్ని" అంటె, సెక్షన్ సెక్షనే నవ్వింది. బాపు మాత్రం నవ్వలే, పండుగ పూట దేవుని ముందట కూసున్నట్టు కూసున్నడు.

రెండో దినం నాకు ఒక సంగతి కండ్లవడ్డది. పోగు పోగుకు బాపు కొక్కెం కొసతోని చెక్క మీద టక్కున కొడుతాండు. ఒక్క దెబ్బకు మామ పోగు అందిస్తాండు, రెండు దెబ్బలకు చేతిల పోగు ఇడిసిపెట్టి పక్కది పడుతాండు. మామ నీళ్లు తాగొస్తనని లేచినప్పుడు అడిగిన. బాపు అటూ ఇటూ చూసి, మూడేండ్లసంది మామ చూపు మందగిచ్చిందని, పోగు ఆనుతలేదని, వేళ్లతోనే పడుతాండని, తప్పు పోగు పడితె తను సప్పుడుతోని చెప్తాన్ననని, సిన్నగ చెప్పిండు. మూడేండ్లల్ల ఒక్క గీత పడలే. ఈ సంగతి మా అవ్వకు గూడ తెల్వది.

గిది గూడ రాయాల్నా బాపూ అని అడిగిన.

"నువ్వు చదువుకున్నోనివి బిడ్డ. ఏది రాయాల్నో నీకెరుక" అన్నడు.

నాకెరుకనా? నాకు ఎరుకున్నది పరీక్ష ఒక్కటే. అడిగిందానికి ఏదీ ఇడువకుండ రాసినోనికే మార్కులు వస్తయని కాలేజీల నేర్చుకున్న. ఇంకోటి గూడ చెప్పాలె, ఆ టక్కు టక్కు సంగతి నాకు అబ్బురమనిపిచ్చింది, అది రాస్తె వాళ్లిద్దరికి మెప్పు వస్తదనుకున్న. చూపులేని మనిషితోని ఒక్క తప్పు లేకుండ పని నడిపిస్తాన్నరంటె చదివినోడు చప్పట్లు కొట్టడా అనుకున్న. ఎనిమిది పేజీలు రాసిన, డిక్షనరీ ముందట పెట్టుకోని. సాబ్ చదివి, ఇంగ్లీషు బాగుందన్నడు. గంతే. ఆ ఒక్క మాటకు నా కాళ్లు నేల మీద ఆగలే, బాపుకు, మామకు మిల్లు గేటు ముందట మిర్చిబజ్జీలు తినిపిచ్చిన.

నెల దాటిందో లేదో మామను మిల్లు దవాఖానకు పిలిచి కండ్లు చూసిండ్రు. వారం తిరుగకముందే ఆయన ఒక కవరు పట్టుకోని మా ఇంటికి వచ్చిండు. ఇంగ్లీషు కాగితమాయె, మా చుట్టాలల్ల చదివేటోన్ని నేనొక్కన్నే. "అల్లుడా, నీ చదువుకు పని పడ్డది, జర చదివి చెప్పు" అనుకుంట గద్దె మీద కూసున్నడు. అవ్వ చాయ్ పెడుతాంది. బాపు దర్వాజ కాడ నిలవడ్డడు.

కాగితంల రెండో పేరా నాదే. ముందటి మనిషి సప్పుడు చెయ్యకుంటె ఎనుక మనిషికి సరైన పోగు దొరుకదు అన్న నా వాక్యం, ఒక్క మాట మారకుండ ఆడ ఉన్నది. దాని కింద, ఈ కారణం చేత నిన్ను పనిల నుంచి తీసేస్తాన్నమని ఉన్నది. డిక్షనరీల ఎతికి మరీ తెచ్చిన మాటలు, వాటిని తెలుగుల చెప్పుటానికి నాకు నోరు రాలే. కండ్లకు రెస్టు కావాల్నట మామా, రేపటిసంది రావద్దంటున్నరు అన్న.

మామ ఆ కాగితాన్ని మడిచి అంగీ జేబుల పెట్టుకున్నడు. తర్వాత, "పెండ్లికి రెండు దినాలు సెలవడిగితె ఇయ్యనోళ్లు, అడుగకుండనే ఇంత రెస్టిచ్చిండ్రా, మంచోళ్లే" అని నవ్వి, చాయ్ తాగకుండనే పోయిండు. ఆయన గల్లీ మలుపు తిరిగినంక బాపు నా దిక్కు చూడకుండ, "నువ్వు రాసింది అబద్ధం గాదు" అన్నడు. కొట్టినా బాగుండు.

బాపు ఎదురుంగ మామ జాగల ఇంకో మనిషిని కూసోవెట్టిండ్రు, కండ్లు మంచిగున్నోడు. అయినా బాపు చెయ్యి కొన్ని దినాలు అలవాటుకు టక్కు టక్కుమని కొడుతనే ఉన్నదట, ఆ కొత్తాయన ఏందన్నా ఈ సప్పుడు అని ఇసుక్కుంటె అప్పుడు ఆపిండట. మామ ఇంటిపట్టునే కూసోని, పక్కింటి మగ్గానికి ఆడోళ్లతోని కలిసి రాట్నం మీద దారం కండెలు చుట్టుకుంట ఎనబయ్యో దశకం నడుమ దాక బతికిండు. ఆ రిపోర్టు ఎవ్వలు రాసిండ్రో బాపు చెప్పలే, నేను చెప్పలే, ఆయన అడుగలే. నాకు ప్రమోషనొచ్చిందని తెలిసి ఎదురొచ్చి, నా మొఖం రెండు చేతులతోని తడిమి మురిసిండు. ఇగ ఆ మిషిను అంటరా, అది మా సెక్షన్‌కు రానే రాలే.

నేను రాసినదాంట్ల తప్పు లేదు, ఇప్పటికీ ఒక్క తప్పు దొరుకదు. కని ఒక మనిషి మూడేండ్లు ఇంకో మనిషి కండ్లను తన చేతిల ఎందుకు పెట్టుకున్నడో రాసే ఇంగ్లీషు నాకు అప్పుడు రాలే, వచ్చినా చదివెటోడు దాన్ని ఏ లెక్కల ఏసుకుంటడు? ఆ కాలపు పనులల్ల, ఆ దుమ్ముల, ఆ మోతల, ఒకని కొరతను ఇంకొకడు చప్పుడు గాకుండ కప్పిపెట్టేటంత చోటు ఉండె. పైనున్నోళ్లకు అది కానరాకపోయేది, కానరాదు గనుకనే అది బతికింది. నేను దీపం పట్టి చూపిచ్చిన. మా మనవరాలిది గూడ గలిపి ఇప్పటి ఆఫీసులు అన్నీ అద్దాలే, ఎవ్వలు ఏం చేస్తాన్నరో నిమిషం నిమిషం కంప్యూటర్ల రాసే ఉంటదట. అంత వెలుతుర్ల ఒక మనిషి ఇంకో మనిషిని దాచుకునే జాగ ఏ మూలనన్న మిగిలిందో లేదో, నాకైతె తెల్వది.