పోటుకు మరాఠీ మాట

మా ఊరి దవాఖానాకు కొత్త భవనం తెరిచిన రోజు నేను ఇస్త్రీ చొక్కా తొడుక్కుని ముందు వరుసలో కూర్చున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తుంది. రిబ్బను కత్తిరించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో అందరికంటే గట్టిగా కొట్టింది నేనే.

మాది సిరొంచ తాలూకాలో, ప్రాణహిత ఒడ్డున ఒక చిన్న ఊరు. ఇంట్లో తెలుగు, బళ్ళో మరాఠీ. నదికి అవతల తెలంగాణ. అక్కడివాళ్ళకు మేము మహారాష్ట్ర వాళ్ళం, ఇక్కడి ఆఫీసులకు మేము తెలుగువాళ్ళం. నేను ముప్పై ఏళ్ళు మరాఠీ బడిలో మాస్టరుగా చేసి రిటైరయ్యాను. తెలుగు రాయడం పెద్దయ్యాక సొంతంగా నేర్చుకున్నదే, తప్పులుంటే మన్నించాలి. మరాఠీలో కాగితం రాయగలవాడినని దవాఖానా కమిటీలో నన్ను వేశారు. వేసినప్పుడు వద్దనలేదు. ఎందుకంటాను, ఊళ్ళో పెద్దమనిషినైపోయాను కదా!

పాత దవాఖానా రెండు గదుల పెంకుటిల్లు. వాన పడితే మందుల పెట్టెలు ఈ మూల నుంచి ఆ మూలకు జరిపేవాళ్ళు. కానీ అక్కడ ఒక మనిషి ఉండేది. కాగితం మీద ఆమె పని ఊడవడం, తుడవడం. రోజుకూలీ. ఊరంతా చిన్నమ్మ అనేవాళ్ళం. అసలు పని మాత్రం డాక్టరు కుర్చీ పక్కన నిలబడి మా రోగాలను మరాఠీలో చెప్పడం. డాక్టర్లు ఎక్కడెక్కడి దూరం నుంచో వచ్చేవాళ్ళు, తెలుగు ఒక్క ముక్క రాదు. మా వాళ్ళకు మరాఠీ బజారుకు సరిపడా వస్తుంది, రోగానికి సరిపడా రాదు. "పానం పోతుంది సాబ్" అని ఒక ముసలాయన మూలిగితే, ప్రాణం పోతోందని పక్కవాళ్ళు మక్కీకి మక్కీ మరాఠీలో చెప్పేస్తే, కొత్త డాక్టరు హడలిపోయి సూది అందుకున్నాడు. చిన్నమ్మ చీపురు గోడకు ఆనించి వచ్చి, అంత లేదు సాబ్, నీరసం, నిన్నటి నుంచి ఏమీ తినలేదు అని మరాఠీలో చెప్పింది. తరువాత ముసలాయన వైపు తిరిగింది. "ఏందే తాతా, గిట్ల బెదిరిస్తివి డాక్టర్ను! జావ తాగి పండుకో, పో." అడవి ఊళ్ళ నుంచి గోండులు వస్తే వాళ్ళ మాటా ఆమెకు వచ్చు. ఇదంతా ఆమె జీతంలో లేదు, ఆమెను ఎవరూ చెయ్యమనలేదు.

ఇంతలో సంస్కరణ వచ్చింది. సంస్కరణ అంటే ఏమిటో ఫైలు పట్టుకొచ్చిన సాహెబుకు తప్ప మాలో ఎవరికీ తెలియదు. కొత్త భవనం కడతామన్నాడు. యంత్రాలు వస్తాయన్నాడు. ఇంటింటికీ వైద్యం కార్డు అన్నాడు. ఊడ్చే పని ఎవరో గుత్తేదారుకు ఇచ్చేస్తారట, కాబట్టి పాత కూలీ పోస్టు అక్కర్లేదని కమిటీ రాసివ్వాలి. నేను ఒక్క మాట అన్నాను, ఆమె ఊడవడమే కాదు సాహెబ్, దుబాసి పని కూడా చేస్తుందని. ఆయన ఫైలు అటూ ఇటూ తిప్పి, దుబాసి అనే పోస్టే లేదు మాస్టర్, లేని పోస్టులో మనిషి ఎలా ఉంటుంది అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, ముత్యాల్లాంటి దస్తూరీ అని పేరున్న ఈ చేత్తోనే, 'ఆవశ్యకతా నాహీ', అంటే అవసరం లేదు అని రాసి సంతకం పెట్టాను. భవనం చేజారుతుందేమోనన్న భయం కొంత. సాహెబు ముందు తెలివైనవాడిలా కనబడాలన్న యావ మిగతాది.

ఆ సాయంత్రం మా అక్క వచ్చి నా గడపలో కూర్చుంది. అక్క నాకన్నా పదేళ్ళు పెద్ద. అమ్మ పోయాక నన్ను సాకింది ఆమే. తాను బడి మెట్టు ఎక్కలేదు గానీ, నాట్లకు పోయి కూలి తెచ్చి నన్ను బడికి తోలింది. బావ పోయాక రెండు సందుల అవతల ఒక్కతే ఉంటూ, ఉన్న కాస్త పొలంలో వరి వేసుకునేది.

"గామెను తీసేస్తే మా రోగాలు ఎవలు చెప్తర్రా?" అంది.

"ఇగ చెప్పుడు పనే లేదక్కా. మిషన్లు వస్తున్నయి, అవే చెప్తయి."

"మిషన్లకు మన తెలుగు వస్తదా?"

"నీకు తెల్వదు, ఊకో," అన్నాను.

ఊకుంది. చదువుకున్న తమ్ముడు చెప్పాక ఆమెకు ఇంకో మాట ఉండేది కాదు.

భవనం లేచింది. పైన పటారం, లోన లొటారం. నున్నటి పలకలు పరిచారు, తడి కాళ్ళతో వచ్చిన ఇద్దరు ముసలమ్మలు మొదటి వారంలోనే జారి పడ్డారు. గోడల నిండా బోర్డులు, ఒక్కటీ తెలుగులో లేదు. గుండె చూసే యంత్రం వచ్చింది, దాన్ని నడిపే మనిషి రాలేదు. దుమ్ము పడుతుందని ప్లాస్టిక్ కవరు తియ్యకుండానే ఒక గదిలో పెట్టి తాళం వేశారు. కార్డులైతే ఇంటింటికీ ఇచ్చారు. అది చెల్లే పెద్ద ఆసుపత్రికి పోవాలంటే గుంతల రోడ్డు మీద సగం రోజు ప్రయాణం. ప్రాణహిత మీది వంతెన దాటితే డాక్టర్లు దగ్గరే, కానీ అది వేరే రాష్ట్రం, అక్కడ మా కార్డు చెల్లదు. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు.

సర్కారు ఖర్చు పెట్టలేదని నేను అనను. పెట్టింది. ఫొటో తీయడానికి వీలయ్యే వాటి మీద పెట్టింది. డాక్టరు పక్కన నిలబడి ఒక మాటను ఇంకో మాటగా మార్చే ఆడమనిషికి ఫొటో ఎవడు తీస్తాడు? ఈ తెలివి నాకు అప్పుడూ ఉంది. ఉండీ నోరు మూసుకున్నాను, ఆ భవనం నేను తెచ్చిందే అన్నట్టు ఊళ్ళో తిరుగుతుండేవాణ్ణి కాబట్టి.

వరి కోతలైన కొత్తలో ఒక పొద్దున అక్క ఒక్కతే దవాఖానాకు వెళ్ళింది. నాకు చెప్పలేదు. మధ్యాహ్నం పక్కింటావిడ వచ్చి పిలిస్తే పరుగెత్తాను. అక్క మంచం మీద కూర్చుని ఉంది, పడుకోలేకపోతోంది. రవిక చెమటకు తడిసి ముద్దయింది. "డాక్టర్ గోళీలిచ్చిండు తమ్మీ, తగ్గుతది. నువ్వు అన్నం తిన్నవా?" అంది. జీపు మాట్లాడి వంతెన వైపు తీసుకుపోయాం. వంతెన మధ్యకు వచ్చేసరికి నా చేతిలో ఆమె చెయ్యి బరువెక్కింది. పిలిచాను. పలకలేదు. అవతలి ఒడ్డున డాక్టరు చూసి, గుండె ఆగిపోయింది, పొద్దున్నే తెచ్చి ఉంటే బతికేదేమో అన్నాడు.

మూడో రోజు, ఆమె కొంగుకు కట్టుకున్న చీటీ పట్టుకుని మా దవాఖానాకు వెళ్ళాను. కొట్టాలనే వెళ్ళాను, అబద్ధమెందుకు. ఆ డాక్టరు మొన్న మొన్న చదువు పూర్తి చేసిన పిల్లవాడు. చీటీ మీద 'పోట్‌దుఖీ' అని రాసి ఉంది. మరాఠీలో పోట్ అంటే కడుపు. కడుపు నొప్పికి గోళీలిచ్చి పంపాడు.

"కాకా, ఏదో మాట కోసం కాసేపు తడుముకుని, పోట్ అని ఆమే అన్నారు," అని మరాఠీలో చెప్పాడు. "పోట్? అని నేను మళ్ళీ అడిగాను. హో, హో, పోటు, పోటు అని తలూపి ఇక్కడ చెయ్యి పెట్టి చూపించారు." రొమ్ము కింద చెయ్యి పెట్టుకుని చూపించాడు.

పొడిచినట్టు వచ్చే నొప్పిని మనం పోటు అంటాం. అక్క చెప్పింది ఆ పోటు. తనకు అర్థమైందని అతను, అతనికి అర్థమైందని అక్క, ఇద్దరూ సంతోషంగానే తలలూపి ఉంటారు. చిన్నమ్మ పక్కన ఉండి ఉంటే ఒక్క క్షణం పని అది. ఆ పిల్లవాణ్ణి ఏమనాలి? చివరికి నేనే భుజం తట్టి వచ్చాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ తరువాత అర్జీల మీద అర్జీలు రాశాను, తెలుగు తెలిసిన మనిషిని ఒకరిని ఇవ్వండని. చాలా కాలానికి మనిషికి బదులు ఒక పరికరం వచ్చింది. తెలుగులో చెబితే అది మరాఠీలో పలుకుతుందట. కమిటీ వాళ్ళు నన్నే పరీక్షించమన్నారు. మా వాళ్ళు చెప్పుకునేట్టే, "పానం మంచిగ లేదు" అన్నాను. పానాన్ని పాన్ అనుకుని, తమలపాకు బాగాలేదు అని అది చక్కటి మరాఠీలో పలికింది. అందరూ పడీ పడీ నవ్వారు. నేను లేచి బయటికి వచ్చేశాను.

చిన్నమ్మ ఇంటి ముందు నిలబడడానికి నాకు నెలలు పట్టింది. వెళ్ళేసరికి ఆమె అరుగు మీద ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కూలి పని. నన్ను చూసి లేవబోతే వద్దన్నాను. నేను తప్పు చేసిన, చిన్నమ్మా, నువ్వు ఉంటే మా అక్క బతికేది అన్నాను. అంటూనే ఏడుపొచ్చింది. ఆమె తొడిమలు తీస్తూనే ఉంది.

"మీ అక్క ఆ పొద్దుగాల మా ఇంటికి వచ్చింది సారూ," అంది.

నాకు ఆ సంగతి తెలియదు.

"రొమ్ముల పోటు పెడ్తుంది, మరాఠీల ఏమంటరే అని అడిగింది. చీర మార్చుకొని వస్త, నేనే చెప్త నడువు అన్న. వద్దన్నది."

"ఎందుకు?"

చెప్పనా వద్దా అన్నట్టు నా మొహం చూసింది.

"'నిన్ను తీసేసిన కాయితం నా తమ్ముడే రాసిండు. ఇప్పుడు నిన్నే ఎంట తీస్కపోతే నలుగుట్ల వాని ఇజ్జత్ ఏం గావాలె?' అన్నది. పోనీ సార్ను తోల్కపో అన్న. 'వాడు ఉత్తగనే బుగులు పడ్తడు, నేనే చెప్పుకుంట' అన్నది. గందుకే నేర్పిచ్చి పంపిన సారూ. పోటు అనకు, వాళ్ళకు అది కడుపైతది, పోటును వాళ్ళు కళ అంటరు, ఛాతీల కళ అని చెప్పు అన్న. 'కళనా? గింత నొస్తుంటె కళ అంటరానే ఈళ్ళు!' అని నవ్వింది గూడ."

ఆమె మిరపకాయల చేత్తో కళ్ళు తుడుచుకోబోయి, ఆగి, మోచేత్తో తుడుచుకుంది.

"'కళ, కళ' అనుకుంటనే పోయింది సారూ. సందు మలిగేదాంక నాకు ఇనవడ్డది."