నలుపు కొలిచే మెషిను కోసం వన్‌టౌన్‌కి

మాది సబ్బవరం. బస్సులు ఆగే చోటికి పది అడుగుల దూరంలో మా ఆయన ఫోటో స్టూడియో. ఫోటోలు తీసేది ఆయన. చీకటి గదిలో ఫిలిం కడిగి ప్రింట్లు వేసేది నేను. స్టీల్ ప్లాంటు కడుతున్న చోట ఒక కాంట్రాక్టరు మాకు పని ఇచ్చాడు. ప్రతి నెలా ఒకే చోట నిలబడి, లేస్తున్న చిమ్నీని ఫోటో తీసి ఇవ్వాలి. ప్రింట్లు పక్కపక్కన అతికిస్తే చిమ్నీ పెరిగినట్టు కనపడాలి గాని రంగు మారినట్టు కనపడకూడదు. మావి మారాయి. ఒక నెల చిమ్నీ సున్నం కొట్టినట్టుంది, మరుసటి నెల మసి పూసినట్టుంది. ఇంకోసారి ఇలా అయితే పని వేరే వాళ్ళకి ఇచ్చేస్తామని అక్కడి ఇంజినీరు చెప్పేశాడు. డెన్సిటోమీటరు అనే మెషిను నెగెటివ్‌లో నలుపు ఎంత చిక్కగా ఉందో అంకెలో చూపిస్తుందనీ, ఆ అంకెను బట్టి కాగితానికి ఎంతసేపు వెలుగు చూపాలో తేల్చుకోవచ్చనీ కూడా ఆ ఇంజినీరే చెప్పాడు. వన్‌టౌన్‌లో ఒక రిపేరు మాస్టారి దగ్గర వాడిన మెషిన్లు రెండున్నాయని తెలిసి బయలుదేరాం. మాలాంటి చిన్న స్టూడియోవాళ్ళు ఎవరైనా ఈ పని మీద విశాఖపట్నం వెళ్తే ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

పొద్దున్న ఆరున్నర బస్సు ఎక్కాం. టికెట్టు మనిషికి మూడు రూపాయల లోపే. కిటికీ పక్కన నన్ను కూర్చోబెట్టి, మా ఆయన ఒళ్ళో ఒక కవరు పెట్టుకున్నారు. మెషిన్లను పరీక్షించడానికి ఆయన ఏరి తెచ్చిన నెగెటివ్ అందులో ఉంది. ఒక పెళ్ళికూతురి మొహం, వెనక తెర. "దీన్ని మించింది మన దగ్గర లేదు. పెన్సిలు ముట్టకుండా ఇంత నున్నటి మొహం విజీనారంలో కూడా తియ్యలేరు," అన్నారు.

ఆ మొహం మీద పెన్సిలు పెట్టింది నేను. విజయనగరంలో మా మేనమామ స్టూడియోలో చిన్నప్పుడే నేర్చుకున్నాను. బడి అయిదో తరగతితో ఆగింది గాని ఈ పని ఆగలేదు. పెన్సిలు ములుకును గరుకు కాగితం మీద సూదిలా అరగదీసి, నెగెటివ్ మీద కంటికి ఆననంత చిన్న గీతలు పెడితే, ప్రింటులో మచ్చ మాయమవుతుంది. మా ఆయనకేమో తన లైటింగుకి పెన్సిలు అక్కర్లేదని పట్టుదల. అందుకే పెళ్ళికూతుళ్ళ తల్లులు ఆయన్ని అడగరు. ఆయన మధ్యాహ్నం నిద్రపోయే వేళ పెరటి గుమ్మంలోకి వచ్చి నా చెవిలో చెబుతారు. నాలుగేళ్ళుగా ఇది ఆడవాళ్ళ మధ్యే ఉండిపోయింది.

పెందుర్తి దాటేదాకా పొగమంచు. మందునీళ్ళ తొట్టిలో వేసిన ఫోటో కాగితం మీద బొమ్మ తేలినట్టు ముందు తాటిచెట్ల తలలు, తరవాత కొండల అంచులు, ఆ తరవాత ఎద్దుల కొమ్ములు మెల్లగా తేలాయి. ఇంకాస్త ఉంటే ఎక్కువ నల్లబడిపోతాయేమో, ఎవరైనా తీసి నీళ్ళలో వేస్తే బాగుండునని అనిపించింది. గోపాలపట్నం దగ్గర ఎండ వచ్చేసింది.

పూర్ణా మార్కెట్ దగ్గర దిగేసరికి ఎనిమిదిన్నర. అక్కడి నుంచి వన్‌టౌన్‌కి రిక్షా రూపాయిన్నర. రిక్షా అతను తొక్కుతూనే వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, ఏటి కొండానికొచ్చారు?" అన్నాడు.

"నలుపు కొలిసే మెషిను," అన్నారు మా ఆయన.

"నలుపు కొలవడానికి మెషినేటి బాబూ! మా అత్త సాలదా? పెళ్ళిసూపుల్లో నన్ను ఒక్క సూపు సూసి, 'పిల్లడు సీకట్లో కనపడడే' అనీసింది."

"మరి పిల్లనెలా ఇచ్చిందయ్యా?"

"ఆ పిల్ల నాకన్నా నలుపు బాబూ. ఇద్దరం దీపాలెట్టుకుని ఎతుక్కుంతన్నాం."

మా ఆయన పకపకా నవ్వారు. నేను కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

మాస్టారి గది మేడ మీద. కిటికీలోంచి ఓడల స్తంభాలు కనపడుతున్నాయి. కిటికీ చెక్క మీద, రేవులో ఓడలకెత్తే ఇనప రాయి దుమ్ము ఎర్రగా పేరుకుంది. ఒకప్పుడు ఓడల్లో దిక్సూచులు బాగుచేసేవారట. కళ్ళజోడుకి దారం కట్టుకున్నారు. "కూకో తల్లీ," అని నాకు స్టూలు జరిపి, రెండు మెషిన్లకీ కరెంటు పెట్టారు. పది నిమిషాలు వేడెక్కాలన్నారు.

"రెండూ ఒకే దర. ఇది స్టీలు ప్లాంటు పన్లలోంచి వచ్చింది. గొట్టాలు అతికిన కాడ ఎక్సురే తీత్తారు కదా, ఆ ఫిలిం సూడ్డానికి. కాయితం సంగతి దీనికి తెలీదు. ఆ రెండోది ఫిలిమూ సూత్తాది, కాయితమూ సూత్తాది. కన్నం సిన్నది, సిన్న సిన్నయి కూడా పట్టీస్తాది."

వెలుగు పైకి వచ్చే కన్నం మొదటిదానికి కందిగింజంత, రెండోదానికి ఆవగింజంత. ఫిలిం లేకుండా ముందు ముల్లు సున్నా మీద నిలబడాలి. రెండూ నిలబడ్డాయి. మా ఆయన పెళ్ళికూతురి బుగ్గని మొదటి మెషిను కన్నం మీద పెట్టారు. ఒకటి పాయింటు రెండు. కాస్త జరిపి పెడితే అదే. ఇంకోసారీ అదే. రెండో మెషిను మీద పెట్టారు. ఒకటి పాయింటు ఒకటి. జరిపితే ఒకటి పాయింటు మూడు. మళ్ళీ జరిపితే ఇంకో అంకె.

"దీని ముల్లు పిచ్చిగా ఆడతంది మాస్టారూ," అన్నారు మా ఆయన. "మొదటిదే కట్టీండి."

మాస్టారు తాడు వెతకడానికి లేచారు. పెద్ద కన్నం నా గీతల్ని, మధ్య ఖాళీల్ని కలిపేసి ఒకే అంకె చూపిస్తోంది. చిన్న కన్నం ఒక్కొక్క గీతనీ చూస్తోంది. పిచ్చిది కాదు, నిజం చెబుతోంది. కాగితం కొలవలేని మెషిను ఇంటికి తెచ్చుకుంటే ఈ నెల ప్రింటు కిందటి నెల ప్రింటుతో కలిసిందో లేదో మళ్ళీ మా కళ్ళే చెప్పాలి. చిమ్నీ మళ్ళీ రంగు మారుతుంది, పని పోతుంది. నోరు విప్పితే పరాయి మనిషి ముందు ఆయన తలవంచుకోవాలి.

"ఏవండీ, తెర మీద పెట్టి సూడండి ఓపాలి," అన్నాను. తెర మీద నా పెన్సిలు పడలేదు.

పెళ్ళికూతురి వెనక తెర భాగాన్ని రెండో మెషిను మీద పెట్టారు. మూడు చోట్లా ఒకే అంకె.

మాస్టారు తాడు పట్టుకుని నవ్వారు. "మెషిను మంచిదే బాబూ. పిల్ల బుగ్గ మీదే ఏదో ఉంది. ఎవరో పెన్సిలెట్టారు."

"మా స్టూడియోలో పెన్సిలు లేదు మాస్టారూ. సబ్బారం అంతా ఎరుగుదురు."

"అయితే మెషినే అబద్దమాడతంది. మీ ఇష్టం, మొదటిదే కట్టీమంటారా?"

"నానే పెట్టాను," అన్నాను.

మా ఆయన నెగెటివ్ తీసి కిటికీ దగ్గరికి వెళ్ళి, ఏటవాలుగా పట్టుకున్నారు. అలా పట్టుకుంటే పెన్సిలు గీతలు వెండి పొడిలా మెరుస్తాయి. చాలాసేపు చూశారు.

"ఈ పిల్లకేటుంది?"

"సిన్నప్పుడు కుక్క కరిసిన మచ్చ. ఆళ్ళమ్మ పెరట్లోకొచ్చి ఏడిసింది."

ఆయన నెగెటివ్ కవర్లో పెట్టి, నా వైపు చూడకుండానే, "రెండోదే కట్టండి మాస్టారూ," అన్నారు.

కిందికి దిగాక హోటల్లో భోజనం చేశాం. ప్లేటు మూడున్నర, చేపల పులుసు విడిగా. తరవాత ఓడలు రేవులోకి వచ్చే కాలువ గట్టు మీదికి వెళ్ళాం. పెద్ద ఓడ ఒకటి, చప్పుడు లేకుండా, యారాడ కొండ నీడలోంచి వస్తోంది. నల్లటి దాని పక్క మీద నీళ్ళ వెలుగు వల పరిచినట్టు ఆడుతోంది. అది మా ముందు నుంచి వెళుతుంటే ఓడ ఆగిపోయి గట్టుతో సహా మేమే కదులుతున్నామనిపించింది. దాని తోక దాటాక ఆయన నా వైపు తిరిగారు.

"నా లైటింగు మెచ్చుకున్నోళ్ళంతా నీ పెన్సిలే మెచ్చుకున్నారన్నమాట."

"కాదండీ. లైటింగు బాగుంటేనే పెన్సిలు నిలుత్తాది. మచ్చ తియ్యగలను గాని మొహం తేలేను కదా."

"నాకు సెప్పొచ్చు కదే."

"కాదంటారని బయం."

"కాదనీవోణ్ణే," అన్నారు. తరవాత చిన్నగా నవ్వారు. "నాలుగేళ్ళు! పగటి నిద్దర కొంప ముంచీసింది."

మూడు గంటల బస్సులో సీటు కింద పెట్టె పట్టలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు. కండక్టరు మా ఊరి మనిషే. "ఏటి బావా, రేడియోనా?" అన్నాడు.

"కాదు. నెగెటివులు సూసే మెషిను. రెండున్నాయక్కడ. నాను తప్పుది కట్టించబోయాను. మా ఆవిడ ఏరింది," అన్నారు మా ఆయన, బస్సంతా వినేటట్టు.

నేను కిటికీలోంచి గోపాలపట్నం వైపు చూస్తూ ఉండిపోయాను. మొహం తిప్పాలంటే సిగ్గు వేసింది.

ఈ నెల చిమ్నీ, కిందటి నెల చిమ్నీ పక్కపక్కన పెడితే ఆకాశం ఒకేలా ఉందని ఇంజినీరు ఒప్పుకున్నాడు. ఇప్పుడు చీకటి గదిలో ఎర్ర దీపం కింద కూర్చుని ముల్లు కదలడం చూస్తుంటే, ఆ రోజు కాలువలో ఓడ కదిలినట్టే ఉంటుంది నాకు. నలుపుకీ తెలుపుకీ మధ్య అన్ని మెట్లున్నాయని నా కంటికి ముందే తెలుసు, వాటికి అంకెలున్నాయని ఇప్పుడు తెలిసింది. మీరు మెషిను కొనడానికి వెళ్ళేటప్పుడు మాత్రం ఒక్క పని చెయ్యండి. పరీక్షకి తీసుకెళ్ళే నెగెటివ్ మీద పెన్సిలు పడిందా లేదా అని బయలుదేరే ముందే ఇంట్లో ఆడవాళ్ళని అడగండి.