మరిచిపోయిన యవత్తు

నేను యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. గిద్దలూరు ఎండలకు మా తోడికోడలు రమ సన్నటి నూలుదారంతో క్రోషియా టాపులు అల్లేది. నా ఆరేళ్ల మనవరాలు రమ్య కూడా అవే కావాలంటుంటే నాకు కడుపు మండిపోయేది. పంతానికి నేనూ ఒకటి అల్లి, ముందువైపు ఎర్రదారంతో పిల్ల పేరు వేశాను.

అది తొడుక్కుని రమ్య చుట్టాలింట్లో ఓ పెళ్లికి వస్తే, మా ఆడపడుచు ఆగి చూసింది.

"రమ అని ఉందే! ఎవరల్లినారే?"

"మా అవ్వ."

"ఏందొదినా, యారాలు రమ మీద ఇంత ప్రేమ దాచిపెట్టుకున్నావా!"

'మ' కింద యవత్తు వేయలేదని అప్పుడు తెలిసింది. నేను నోరు తెరిచేలోపే పక్కనే ఉన్న రమ, "అక్కా!" అంటూ నన్ను వాటేసుకుని ఏడ్చింది.

ఇప్పుడు బంధువులు తోడికోడళ్లంటే ఇట్లుండాలని కొత్త కోడళ్లకు మమ్మల్నే చూపిస్తున్నారు. రమ కొత్త టాపు మొదలుపెడితే నాకు మాత్రం ఇప్పటికీ అన్నం సహించదు.