ఇంజనుకు వన్స్ మోర్

ఇదొక మహాగాథ. ఇందులో ఇద్దరు రాజులున్నారు, కొండ మీద దుర్గముంది, పగబట్టిన రాక్షసుడున్నాడు, చావు గడప దాకా వెళ్లి తిరిగొచ్చిన వీరుడున్నాడు. ఇంతవరకు చదివి ఎవరైనా కాళ్లు ముడుచుకుని సర్దుకు కూర్చుని ఉంటే, వారికి ముందే చెప్పడం మర్యాద. రాజులిద్దరూ నాటకంలో వేషగాళ్లు. దుర్గం ఉదయగిరి కొండ మీద దాని మానాన అదుంది, ఈ కథతో దానికి సంబంధం లేదు. రాక్షసుడు కిరసనాయిలు తాగే జనరేటరు. నేను దానికి మెకానిక్కుని. ఇక వీరుడంటారా, ఆయన చేసిన ఘనకార్యమంతా నిద్రలోనే చేశాడు.

1954 ఎండాకాలం. ఆత్మకూరులో వేరుశనగ నూనె టోకు వ్యాపారం చేసే రాఘవయ్య శెట్టిగారు పద్యనాటకాల కంపెనీ పెట్టి అప్పటికి ఏడాది. ఈ పిచ్చి కాకుండా ఇంకేదైనా పట్టి ఉంటే మందైనా ఇప్పించేవాళ్లమని వాళ్లింట్లో అనుకునేవారట. ఆయన ఒక పాత బస్సు కొని, సీట్లు పీకించి, రెండు పక్కలా పడుకోవడానికి బల్లలు కొట్టించారు. కిటికీలకు అద్దాలు బస్సు మా చేతికి రాకముందే పోయాయి కనుక చెక్క తలుపులు పెట్టించారు. అడుగు పలకల సందుల్లోంచి రోడ్డు కనిపించేది. ఏ ఊరికి పోయినా నటులకు అదే ఇల్లు. దాని వెనకాల తగిలించిన రెండు చక్రాల బండి మీద జనరేటరు. జనరేటరంటే బ్రహ్మవిద్యేం కాదు. ఒక ఇంజను, దాని బెల్టుతో తిరిగే డైనమో. ఇంజను తిప్పితే డైనమో కరెంటు ఇస్తుంది, ఆ కరెంటుతో మైకు పలుకుతుంది, బల్బులు వెలుగుతాయి. ఇంజను పొగను బయటికి వదిలే గొట్టాన్ని ఎగ్జాస్టు అంటారు. ఈ ముక్క గుర్తుంచుకుంటే చాలు, మిగతా శాస్త్రమంతా నేను చూసుకుంటాను.

పద్యనాటకంలో ఒకే వేషాన్ని ఇద్దరు ముగ్గురు పంచుకుంటారు. రాత్రంతా పాడడం ఒక్క గొంతు వల్ల కాదు. మా ఒకటో రాజు కుర్రవాడు, చూడ్డానికి బాగుంటాడు. రెండో రాజు కోటయ్య యాభై దాటినవాడు, వినడానికి బాగుంటాడు. జనం ఒకటో రాజును ఓర్చుకునేది రెండో రాజు వస్తాడనే. కోటయ్య పద్యం చివర రాగం ఎత్తుకుంటే చుట్టలు ఆరిపోయేవి. వన్స్ మోర్ అని జనం కేక వేస్తే ఆ పద్యం మళ్లీ పాడి తీరాలి. అప్పుడే చచ్చి పడిపోయిన రాజైనా సరే, లేచి పాడి మళ్లీ చావాలి. అది ఆచారం.

ఆత్మకూరు ఆటలో మాకు మొదటిసారి మైకు ఉంది. మైకుకు మంచీ చెడ్డా తెలియదు. కోటయ్య గొంతును ఎంత ప్రేమగా పట్టుకుందో వెనకనున్న ఇంజను మోతను అంతే ప్రేమగా పట్టుకుని, రెండింటినీ పెంచి ఊరి మీదికి వదిలింది. కోటయ్య రాగం ఎత్తుకున్నాడు, ఇంజను తాళం వేసింది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగాడు, ఇంజను ఆగలేదు. అప్పుడు వెనక వరుసలోంచి ఎవడో పుణ్యాత్ముడు తాపీగా అన్నాడు, "ఇంజనుకు వన్స్ మోర్." పందిరి పందిరంతా నవ్వింది. ఆచారం ప్రకారం ఇంజను మళ్లీ పాడింది కూడా.

తరువాతి ఆట ఉదయగిరిలో. అది కోటయ్య సొంత ఊరు. బయలుదేరే రోజు ఆయన నా దగ్గరికొచ్చి బండి చక్రం మీద కూర్చున్నాడు.

"ఒరే శీనా, మా ఊళ్లో గూడా ఇట్టా నవ్వినారంటే ఇంక మొగానికి రంగు పూసేది లేదు. ఇదే ఆఖరు."

అట్లయితే ఒకటో రాజు తెల్లవార్లూ పాడతాడని, జనం మీద జాలి చూపించమని అన్నాను. ఎప్పుడూ నవ్వేవాడు, నవ్వలేదు.

"మా రమణక్క నన్ను సాకి పెద్దజేసింది. నేను పాడేది ఆమె ఒక్కనాడూ ఇనలా. ఈ తడవ ముందు వరసలో కూసుంటానంటా ఉండాది. ఆమెకు నీ ఇంజను ఇనిపియ్యబాకరా."

సరేనన్నాను. మాట ఇవ్వడానికి మెకానిక్కుకు పనిముట్లు అక్కర్లేదు.

ఆటకు రెండు రోజుల ముందే ఉదయగిరి చేరి ప్రయోగాలు మొదలుపెట్టాం. మొదట ఇంజనును దూరంగా నెట్టాం. మోత తగ్గింది, బల్బులు కూడా తగ్గాయి. తీగ పొడుగైతే దారిలోనే కరెంటు బలం పోతుంది, దాన్ని ఓల్టేజి పడిపోవడమంటాం. ఆ వెలుతురులో ఒకటో రాజు తన సింహాసనం అనుకుని హార్మోనియం మీద కూర్చోబోయాడు. తరువాత ఇంజను మీద తడి గోతాలు కప్పాం. గాలి ఆడక అది కాసేపట్లో పొయ్యిలా కాగింది, గోతాలు ఇస్త్రీ అయ్యాయి. అప్పుడు శెట్టిగారికి ఆలోచన వచ్చింది. బస్సునే గోడగా నిలబెట్టి, దాని చాటున ఇంజను పెట్టి, ఎగ్జాస్టు గొట్టాన్ని బస్సు కిందికి తిప్పి, అక్కడ గుంత తవ్వి అందులోకి వదిలితే మోతంతా భూమిలోకి దిగిపోతుందన్నారు. వినడానికి బాగానే ఉంది. గుంత తవ్వాం.

ఆట రేపనగా మధ్యాహ్నం పరీక్ష. ఇంజను తోలి, అందరం స్టేజీ ముందుకు వెళ్లి చెవులు రిక్కించాం. ఎక్కడో పిండిమర ఆడుతున్నట్టు ఉందే తప్ప ఇంజను లేదు. హార్మోనియం ఆయన నా భుజం తట్టాడు. శెట్టిగారు నాలుగు మాటలు మాట్లాడతానని మొదలుపెట్టి తన తాతగారి కాలం దాకా వెళ్లారు. నేను జమీందారు మాదిరి మొలమీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను.

అప్పుడు కోటయ్య అక్క రమణమ్మ మజ్జిగ ముంత పట్టుకుని వచ్చింది. పొట్టి మనిషి, మాట మాత్రం చాలా దూరం పోతుంది. తమ్ముడేడీ అని అడిగింది. అన్నం తిని బస్సులో పడుకున్నాడని చెప్పాం. సంగతి విని, కాసేపు తల వంచి బస్సు వైపు చెవి పెట్టింది.

"ఏందబ్బయ్యా, ఇంజను నోరు మూయించినావంట, సంతోషం. మావాడి నోరెందుకు మూసినావు?"

మాకు అర్థం కాలేదు.

"వాడి గురక ఏదిరా? చిన్నప్పుడు పక్కింటోళ్లు వచ్చి తగాదా పడేవోళ్లు. ఇంజను ఇనపడకపాయె, గురకా ఇనపడకపాయె."

నవ్వు ముఖం మీదే ఆగిపోవడం ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది. కోటయ్యకు గొంతంటే ప్రాణం. మే నెలలో కూడా మెడకు మఫ్లరు చుట్టుకునే మనిషి. వడగాలి, దుమ్ము తగలకుండా చెక్క తలుపులన్నీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, బస్సు తలుపుకు లోపల గడియ వేసుకుని పడుకుంటాడు. గాలి రాకూడదని ఆయన పైన అన్నీ మూశాడు. అడుగు పలకల సందులు మూయడం ఎవరికీ తట్టే పని కాదు. ఆ సందుల కిందే మా గుంత.

ముందు పరుగెత్తి ఇంజను ఆపాను. తరువాత కిటికీ బద్దలు కొట్టడానికి సమ్మెట ఎత్తాను. ఇక్కడ మంచి ఘట్టం ఉండాల్సింది. కానీ ఆ కిటికీ తలుపుకు ఉన్నది సందులోంచి బయటికి వేలాడే పురికొస ముడి. రమణమ్మ నన్ను పక్కకు నెట్టి దాన్ని లాగేసింది. సందులో కుక్కిన గుడ్డ పట్టి లాగితే రాజుగారి పట్టుపంచె బారెడు బారెడుగా వస్తూనే ఉంది. లోపలికి దూరి గడియ తీశాను. కోటయ్య ముఖం రంగు పూసినట్టు ఎర్రగా ఉంది, పిలిస్తే పలుకు లేదు. కాళ్లు పట్టి లాగాం. రాజు శెట్టిగారి మీద పడ్డాడు. కంపెనీలో ఇంతవరకూ రాజు బరువు మోసింది శెట్టిగారేనని అందరూ ఒప్పుకునేవాళ్లు, ఆ రోజు కళ్లారా చూశారు.

చెట్టునీడన గాలికి పడుకోబెట్టి చొక్కా వదులు చేశాం. రమణమ్మ తమ్ముడి తల ఒళ్లో పెట్టుకుని కొంగుతో విసురుతూ కూర్చుంది. మాట్లాడని రమణమ్మను చూస్తే మాకు భయం ఇంకా ఎక్కువైంది. కొంతసేపటికి ఆయన కదిలాడు, వాంతి చేసుకున్నాడు, తల పగిలిపోతోందన్నాడు. ఆమె విసరడం ఆపలేదు.

"పాడు నిద్ర నువ్వూను. లెయ్, మజ్జిగ తాగు."

శెట్టిగారు ఇది దిష్టేనని, ఇంజను చుట్టూ నిమ్మకాయ తిప్పాలని అన్నారు. ఆస్పత్రి నుంచి వచ్చిన కాంపౌండరు నాడి చూసి, గాలి తగిలేటట్టు ఉంచమని, ఈ రాత్రికి పాట మాటెత్తవద్దని, రేపటికి లేస్తాడని చెప్పాడు. నిమ్మకాయ మజ్జిగలోకి పోయింది.

అసలు సంగతి ఇది. నేను పని నేర్చిన షెడ్డులో యుద్ధం నాటి, పెట్రోలుకు బదులు బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులు ఇంకా మిగిలి ఉండేవి. తలుపులు మూసి ఇంజను తోలవద్దనేది మేస్త్రీగారి మొదటి పాఠం. పొగలో కార్బన్ మోనాక్సైడు అనే గ్యాసు ఉంటుంది. పొగకు వాసనుంది, దీనికి లేదు. నిద్రలో ఉన్నవాణ్ణి అది లేపదు, ఇంకాస్త నిద్రపుచ్చుతుంది. షెడ్డంటే నాలుగు గోడలు, రేకు కప్పు అని మాత్రమే మేమంతా అనుకున్నాం. గుడ్డలు కుక్కిన బస్సు కూడా షెడ్డేనని ఆ మధ్యాహ్నం తేలింది. పైగా కొండ వైపు నుంచి వీచే గాలి గుంతలో పొగను బయటికి పోనివ్వకుండా బస్సు కిందికే నెట్టింది.

రాత్రికి కోటయ్య గంజి తాగి నన్ను పిలిచాడు. చచ్చిపోయేవాణ్ణే గదా అంటాడనుకుని ఓదార్పు మాటలు సిద్ధం చేసుకుని వెళ్లాను.

"ఇంజను ఇనపడలేదా నిజంగా?"

లేదన్నాను.

"అయితే అట్టనే ఉంచరా. నేను బయట పండుకుంటాలే."

మర్నాడు పొద్దున్నుంచి మళ్లీ పని. గాలి ఎటు పోతుందో పిడికెడు దుమ్ము వదిలి చూశాం. పొగ బస్సుకూ, జనానికీ, స్టేజీకీ తగలకుండా గాలి వాలున, పక్కగా ఒక పాడుపడిన పశువుల కొట్టం మట్టిగోడ దొరికింది. దాని అవతల ఇంజను పెట్టాం. అదురు నేలలోకి పోకుండా కింద పాత టైరు ముక్కలు వేశాం. మూడు పక్కలా ఇసుక మూటలు పేర్చి, పైనా నాలుగో పక్కా గాలికి వదిలేశాం. ఎగ్జాస్టు గొట్టాన్ని ఒక ఇనుప పీపాలోకి పంపి, అందులో కంకర పోసి, మూతకు చిల్లులు కొట్టాం. పొగ రాళ్లలో దారి వెతుక్కుని నీరసంగా పైకి వస్తుంది. దాన్ని సైలెన్సరు అని పిలిచాం. మైకు వీపును ఇంజను వైపు తిప్పాం. తీగ పొడుగైంది కనుక బల్బులు సగం పీకేశాం. శెట్టిగారికి ముద్దైన రంగు బల్బులు ముందు పోయాయి. ఆయన బాధపడ్డారు. మసక వెలుతురులో రెండో రాజు వయసు పదేళ్లు తగ్గడం చూసి ఊరుకున్నారు.

ఆ రాత్రి ఉదయగిరి పందిట్లో, వింజమూరు నుంచి కూడా బళ్లు కట్టుకుని వచ్చిన జనం. రమణమ్మ ముందు వరుసలో కూర్చుంది. ఒకటో రాజు తన వంతు చూపించి వెళ్లాడు. కోటయ్య వచ్చాడు. నేను మట్టిగోడ దగ్గర ఒక చెవి ఇంజనుకు, ఒక చెవి ఆయనకు ఇచ్చి నిలబడ్డాను. పద్యం అయింది, రాగం ఎత్తుకున్నాడు. అది పైకి పోయి పోయి, అక్కడ కాసేపు కూర్చుని, నిదానంగా దిగింది. ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఖాళీలో ఒక పసిబిడ్డ దగ్గు తప్ప ఏమీ వినపడలేదు.

వన్స్ మోర్ అని పందిరంతా లేచింది. ఎందుకైనా మంచిదని ఇంజను వైపు చూశాను. ఈసారి దాన్ని ఎవరూ అడగలేదు. కోటయ్య మళ్లీ పాడాడు, ఇంకోసారి పాడించారు, తరువాతి పద్యానికీ అదే తంతు. ఆయన తల దిమ్ముందో లేదో తెలియదు కానీ గొంతుకు మాత్రం తెలియనివ్వలేదు. శెట్టిగారు తుండుతో కళ్లు తుడుచుకుని దుమ్మన్నారు. నేనూ దుమ్మే అన్నాను.

ఆట అయ్యాక రమణమ్మ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"బాగానే పాడతావే. నేను గురకొకటే అనుకున్నా ఇన్నాళ్లూ."

కోటయ్య ఆ తరువాత కూడా చాలాకాలం మొగానికి రంగు వేశాడు. నాకు ఈ ఉదంతం నేర్పింది మూడు మాటలు. ఇంజను ఆడుతుండగా దాని పక్కనున్న బండిలో ఎవరూ పడుకోకూడదు. పడుకునే బండికి ఎదురుబొదురు కిటికీలు తెరిచి ఉండాలి. పొగగొట్టం గాలి వాలున, మనుషులకు దూరంగా ఉండాలి. శెట్టిగారు బస్సు కిటికీ తలుపులను తెరిచినవి తెరిచినట్టే మేకులు కొట్టించారు. కోటయ్య రెండో మఫ్లరు కొనుక్కున్నాడు.

ఆ వర్షాకాలం ఇంజను విప్పితే, దానికీ ఎగ్జాస్టు గొట్టానికీ మధ్య సందు లేకుండా బిగించే గ్యాస్కెట్టు కాలిపోయి సగమే మిగిలి ఉంది. కొత్తది వేసి నట్లు బిగిస్తే మోత సగం తగ్గింది. గ్యాస్కెట్టు నెల్లూరు బజారులో ఎప్పుడూ దొరుకుతుంది.