నాన్నగారి ఈకల పీట

మా పక్క వాటాలో ఉండే అమ్మాయి ఇంటర్మీడియెట్ చదువుతూ విలువిద్య నేర్చుకుంటోంది. మొన్న ఆదివారం నేను చర్చి నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగానే ఫోన్ పట్టుకొచ్చింది. బాణాలకు ఈకలు అంటించుకునే జిగ్గు కొనుక్కోవాలట. రెండు బొమ్మలు చూపించి, "వీటిలో ఏది తీసుకోమంటారు అమ్మమ్మా? చిన్నప్పుడు మీరు కూడా బాణాలు వేసేవారంట కదా, మా అమ్మ చెప్పింది" అని అడిగింది. కళ్ళజోడు సవరించుకుని రెండూ చూశాను. మీ కోచ్‌గారినే అడగమ్మా, నాకు తెలిసినవన్నీ పాతకాలం సంగతులని పంపేశాను. పిల్ల చిన్నబుచ్చుకుని వెళ్ళింది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఎనభైల్లో మా నూజివీడు వైపు ఆడపిల్ల ఆటలంటే కబడ్డీ, ఖోఖో, అంతకు మించి ఏముండేవి గనక! అలాంటి రోజుల్లో మా నాన్నగారు నా చేతికి విల్లు ఇచ్చారు. ఆయన దగ్గర్లోనే ఒక మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఏదో శిబిరానికి వెళ్ళి విలువిద్య నేర్చుకొచ్చి, ముందుగా కూతురికే నేర్పారు. మా సాధనంతా ఊరి పక్క మామిడితోటలో. చెట్ల మీద కాయ ఉన్నన్నాళ్ళూ తోట వేలం పాడుకున్నవాళ్ళు మనిషినే లోపలికి రానివ్వరు, ఇక బాణాలనా! కోతలు పూర్తయి, రసాల ఆఖరి లారీ వెళ్ళిపోయాకే తోట మాకు దక్కేది. మామిడికాయల బుట్టల్లో పరచగా మిగిలిన ఎండుగడ్డిని గోనెసంచుల్లో కుక్కి, పైన కాగితం అంటించి, చెట్ల వరసల మధ్య నిలబెట్టేవాళ్ళం. బాణం తగిలినప్పుడు వచ్చే చప్పుడుని బట్టే అది ఎక్కడ తగిలిందో ఆయన చెప్పేసేవారు. ఆ చెవికి నేను మురిసిపోయేదాన్ని, కళ్ళ సంగతి ఆలోచించే తెలివి అప్పుడు లేదు.

బాణాలు ఇంట్లోనే చేసుకునేవాళ్ళం. పుల్ల వెదురుది, ఈకలు టర్కీ కోళ్ళవి. మిషన్ కాంపౌండులో పాస్టరమ్మగారు క్రిస్మస్‌కని టర్కీలు పెంచేవారు, పండగయ్యాక వాటి రెక్కల ఈకలన్నీ మావే. కుడి రెక్కవి ఒక బిస్కెట్ డబ్బాలో, ఎడమ రెక్కవి ఇంకో డబ్బాలో దాచాలి, ఎందుకంటే ఒకే బాణానికి రెండు రెక్కల ఈకలూ కలిపితే అది తాగినవాడిలా తూలిపోతుంది. ఒక్కో బాణానికి మూడు ఈకలు, రెండు తెల్లవి, విల్లుకు బయటి వైపు ఉండాల్సినది మాత్రం ఎర్రరంగు వేసింది. మూడూ సమానమైన ఎడంలో, ఒకే వాలుగా అంటుకోవాలి. ఉత్త చేతులతో అది అయ్యే పని కాదు, అందుకే జిగ్గు. మా ఇంట్లో దాన్ని ఈకల పీట అనేవాళ్ళం.

నాన్నగారి పీట టేకు చెక్కది, మా ఊరి వడ్రంగి చేత పక్కన కూర్చుని మరీ చేయించుకున్నారు. బాణం తోకను అందులో ఉన్న చిన్న చక్రానికి దూర్చి, ఈకకు జిగురు రాసి, బిగించి ఆగాలి. ఆరాక చక్రం తిప్పితే టక్కుమని ఒకచోట ఆగుతుంది, అక్కడ రెండో ఈక. మళ్ళీ టక్కుమంటే మూడోది. నిదానమే ప్రధానమంటూ కూర్చునేవారు ఆయన. నాకేమో పదహారేళ్ళు, నిదానం అనే మాటకే ఒళ్ళు మండేది.

విజయవాడలో ఒక శిబిరానికి వెళ్ళినప్పుడు వేరే ఊరి అమ్మాయి దగ్గర ఇనప జిగ్గు చూశాను. ఈక వాలు ఎంత ఉండాలో చూసుకోవడానికి దాని మీద సన్నటి గీతలు ఉన్నాయి. ఇక నా ప్రాణమంతా దాని మీదే. జిల్లా జట్టుకు ఎంపిక నాలుగు నెలల్లో ఉంది, ఆ చెక్కముక్కతో నెగ్గలేనని ఇంట్లో కూర్చుని ఏడ్చాను. "దీని మీద చెయ్యి కుదిరిందమ్మా, ఆ గీతలూ అవీ నాకెందుకు చెప్పు" అన్నారు నాన్నగారు, దాదాపు బతిమాలుతున్నట్టుగా. పాత చింతకాయ పచ్చడని వెక్కిరించి, రెండు రోజులు అన్నం మానేశాను. ఆయన మెత్తబడి, కలకత్తా వెళ్ళే స్నేహితుడి చేత అదే తెప్పించారు.

అప్పట్నుంచి ఈకలు అంటించడానికి మిట్టమధ్యాహ్నం ఎండలో, పెరట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. జిగురు త్వరగా ఆరడానికనుకున్నాను. ఎర్ర ఈక ఏదో నన్నే అందివ్వమనేవారు, మాస్టారు కదా, పరీక్ష పెడుతున్నారనుకున్నాను. ఒకరోజు చూస్తే కొత్త జిగ్గు మీద ఒక గీత దగ్గర ఆకురాయితో రాసి గాడి పెట్టేశారు. కొత్త వస్తువు పాడుచేశారని ఎంత రాద్ధాంతం చేశానో! గోటికి తగిలే గుర్తు కోసం అలా చేశారని అప్పటి నా మొద్దు బుర్రకు ఎలా తెలుస్తుంది?

ఎంపిక రోజున మొదటి రెండు బాణాలూ బాగానే పడ్డాయి. తర్వాత చుట్టూ జనం మూగారు, ఏమైందో గానీ ఒకటి ఇటు, ఒకటి అటు. నా పేరు జాబితాలో లేదు. సాయంత్రం బస్సు దిగేసరికి నాన్నగారు నూజివీడు బస్టాండులో ఎదురుచూస్తున్నారు. ఆయన ముఖం చూడగానే నా అవమానమంతా కోపమైపోయింది. "మీరు అంటించిన ఈకలన్నీ వంకరే నాన్నగారూ! మీ వల్లే పోయింది నాకు" అని పదిమందిలో అరిచాను. ఆయన నా చేతిలోంచి ఒక బాణం తీసుకుని, ఈకల వెంట వేలితో నిమిరారు. మళ్ళీ నిమిరారు. "అంతేనేమోనమ్మా... చూసుకోలేకపోయాను" అన్నారు.

వారం తర్వాత శిబిరంలో మాకు నేర్పిన మేడమ్ మా స్కూలుకు వచ్చారు. ఆ వేళ నాన్నగారు సెలవు పెట్టి, చుట్టాల్ని చూసి వస్తానని చెప్పి విజయవాడ వెళ్ళారు. నా గోడు విని, ముందు నా చేత రెండు వేయించి చూసి, మేడమ్ అవే బాణాలు తీసుకుని ఆరు వేశారు. ఆరూ ఒక్క అరచేతి వెడల్పులో దిగాయి. "ఈకలు ఎవరు అంటించారమ్మాయ్? ఇంత పొందికగా నేనే అంటించలేను. వదిలేటప్పుడు నీ చెయ్యి వణుకుతోంది, ముందు అది చూసుకో" అన్నారు.

నాన్నగారు రాగానే చెప్పేద్దామనే ఇంటికి నడిచాను, మొత్తం మాటలు కూడా కూర్చుకున్నాను. గడపలోకి వెళ్ళేసరికి అమ్మ ఏడుస్తోంది, నాన్నగారు మంచం మీద కూర్చుని ఉన్నారు. ఆయన వెళ్ళింది చుట్టాలింటికి కాదు, కంటి డాక్టరు దగ్గరికి. కంటి నరం దెబ్బతిందట, పోయిన చూపు ఇక రాదట. నాలుగు నెలల కిందట ఆపరేషన్‌కు రమ్మన్నప్పుడే వచ్చి ఉంటే కొంతైనా నిలిచేదని డాక్టరు అన్నాడట. అమ్మాయి ఎంపిక అయ్యాక వస్తానని చెప్పి వాయిదా వేసుకున్నారట. ఈ సమయంలో కాదు, రేపు చెబుదామనుకున్నాను.

ఆ రేపు పదకొండేళ్ళు నడిచింది. ఏడాది తిరక్కుండానే చూపు పూర్తిగా పోయింది, ఉద్యోగం మానేశారు. ఇంటికి ఎవరొచ్చినా, కాసేపటికి మాట నా మీదికి తెచ్చేవారు. "మా అమ్మాయి జిల్లాకు ఆడాల్సిందండీ. దాని చేతిలో లోపం లేదు, నా కళ్ళే దాన్ని దెబ్బతీశాయి" అనేవారు. స్కూలు మాస్టార్లతో అన్నారు, పాస్టరుగారితో అన్నారు, పెళ్ళయ్యాక మా ఆయనతో కూడా అన్నారు. నేను కాఫీ గ్లాసులు పట్టుకుని ఆ గుమ్మంలోనే నిలబడి వినేదాన్ని. ఇంత ఆలస్యంగా చెబితే ఓదార్పుకు చెబుతున్నాననుకుంటారేమో అని నాకు నేనే సర్ది చెప్పుకునేదాన్ని గానీ, అది కాదు, సిగ్గు. నూటికి నూరుపాళ్ళూ సిగ్గే. ఆయన పోయిన రోజు శవపెట్టె పక్కన కూర్చుని చెప్పాను. అది చెప్పడం కిందికి వస్తుందా?

ఇప్పుడు విల్లు పట్టే పిల్లలకు చదువుకున్న కోచ్‌లున్నారు, ఈకలకు బదులు ప్లాస్టిక్ రెక్కలు వచ్చాయి. బాణం తప్పితే ఫోన్‌లో వీడియో వెనక్కి తిప్పి చూసుకుంటారు, చెయ్యి వణికిందో ఈక వంగిందో అక్కడికక్కడే తేలిపోతుంది. మంచిదే, చాలా మంచిది. మా రోజుల్లో తప్పెవరిదో ఇంట్లో మనిషి మాట మీదే తెలిసేది. చూసుకోవడానికి నాన్నగారికి కళ్ళు లేవు, నా మాట నమ్మారు.