గొంతు మీద వెండి పొర

మా తిరువూరు చర్చి సంఘంలో పెరిగి, పరిశోధన చేస్తున్న ఆ అమ్మాయి ఏది ముట్టుకోవాలన్నా ముందు వేళ్లు చున్నీకి తుడుచుకునేది. పక్షవాతంతో మాట పడిపోయిన మా పాస్టరుగారి గొంతుకు ఓ పలచటి పొర అంటించింది. అందులో కంటికి కనబడనంత సన్నటి వెండి తీగలున్నాయట. ఆయన మాట్లాడబోతే గొంతు కదలికను అవి పట్టి, ఆమె ఫోను తెర మీద గీత లేచేది.

"అయ్యగారూ, నొప్పిగా ఉందా? అవునైతే ఊఁ అనండి, మాట రాకపోయినా పర్వాలేదు."

గీత లేచింది.

నొప్పి ఎక్కడో ఆమె అడిగేలోపే సంఘపెద్ద వచ్చి ప్రార్థన నూనె ఆయన గొంతుకు దండిగా రుద్దాడు. పొర జారి చిరిగింది.

"నుదుటికి రాస్తే సరిపోయేదిగా బాబాయ్! నా దగ్గర ఇదొక్కటే ఉంది."

"దేవుడికంటే నీ ప్లాస్టిక్కు ఎక్కువైందా అమ్మా?"

నూనె రాసి ప్రార్థించమని బైబిలు వాక్యంలో ఉంది. రోగి మాట వినొద్దని ఎక్కడా లేదు. ఆ వారమే పాస్టరుగారిని సమాధి చేశాం. ఆయనకు నొప్పి ఎక్కడో మాకెవరికీ తెలియలేదు.